ఏడో తలుపు మీద మాట

1957 సెప్టెంబరు రెండో గురువారం ఉదయం ఎనిడ్ హిబర్డ్ పెట్టుకున్న పనులు మూడే. ప్లమ్ పళ్ల జామ్ దించి సీసాలకెత్తాలి. అందులో నాలుగు సీసాలు చర్చిలో కోతల పండుగ అంగడికి పంపాలి. మధ్యాహ్నం లోపల భర్త ఇచ్చిన చీటీలు ఆడపిల్లల బడికి తీసుకెళ్లి, తలుపులకు రంగులేస్తున్న గాలప్ చేతిలో పెట్టాలి. మూడింటిలో ఆమెకు గుబులు పుట్టించింది జామ్ ఒక్కటే. చీటీలు మోసుకెళ్లడానికి పెద్ద తెలివేం కావాలి?

ఎడ్విన్ సైకిలెక్కే ముందు ఆ చీటీల దొంతర వంటింటి బల్ల మూలన పెట్టి, "ఇదిగో ఎనిడ్, ఇక్కడ పెట్టాను. పైది ముందు చూడు," అన్నాడు. ఆ సమయానికి ఎనిడ్ చల్లటి పళ్లెంలో జామ్ చుక్క వేసి, గట్టిపడిందో లేదో వేలితో తోసి చూస్తోంది. "సరే," అంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో భర్త ఏం చెప్పినా ఆమె నోటికి ముందు వచ్చే మాట అదే.

ఎడ్విన్ హిబర్డ్ థార్న్‌ఫర్డ్ నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. పగలు గొట్టాల లెక్క చూస్తాడు. మిగిలిన బతుకంతా పాత మాటలకు రాసిచ్చేశాడు. పాత మాటలంటే అన్నీ కాదు, చదువుల పేర్లు మాత్రమే. నార్మన్లు ఫ్రాన్సు నుంచి సముద్రం దాటి ఇంగ్లండు రాకముందు, లాటిను గ్రీకు పేర్లు బడుల్లో పీట వేసుకుని కూర్చోకముందు, ఈ దేశపు జనం ఖగోళాన్ని టుంగోల్‌క్రాఫ్ట్ అన్నారు, అంటే చుక్కల నేర్పు. గణితాన్ని రీమ్‌క్రాఫ్ట్ అన్నారు, లెక్కల నేర్పు. వ్యాకరణం రాత నేర్పు, వైద్యం మందుల నేర్పు, తర్కం అయితే వాదు నేర్పు. అటువంటి మాట ఎక్కడ కనబడినా ఎడ్విన్ దాన్ని ఒక చీటీ మీదికి ఎక్కించి, అది ఏ పుస్తకంలో ఏ పుటలో ఉందో కింద రాసి, బిస్కెట్ డబ్బాలో వేసేవాడు. ఆఫీసులో కాలం చెల్లిన దరఖాస్తు కాగితాలను నాలుగుగా కోస్తే ఆ చీటీలు వచ్చేవి. డబ్బాలు పంతొమ్మిది అయ్యాయి. ఇంట్లో కిరాణా పట్టీ రాయాలన్నా, జామ్ సీసా మీద తేదీ అంటించాలన్నా ఎనిడ్ చేతికి దొరికేవి ఆ చీటీలే.

ప్రతి ఉదయం రొట్టె ముక్క కొరుకుతూ ఎడ్విన్ ముందురోజు దొరికిన మాటను చదివి వినిపించేవాడు. ఎనిడ్ నారింజ మార్మలేడ్ సీసా కేసి చూస్తూ తల ఊపేది. డబ్బాల మీద దుమ్ము దులిపేది గానీ ఒక్క చీటీ చదివిన పాపాన పోలేదు. ఈ సంగతి ఆమెకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం. కిందటి చలికాలంలో డబ్బాల్లోని సరుకంతా పుస్తకంగా కుదిరింది. విశ్వవిద్యాలయపు అచ్చుశాలకు పంపే ముందు ఎడ్విన్ మొదటి పుట ఆమెకు చదివి వినిపించాడు. 'ఈ మాటలన్నిటినీ నాకంటే శ్రద్ధగా విన్న ఎనిడ్‌కు' అని ఉంది. ఎనిడ్ ఏడ్చింది. సంతోషంతో ఏడ్చిందనుకుని ఎడ్విన్ తన రుమాలు ఇచ్చాడు. ఆ రుమాలు ఇప్పటికీ ఆమె అల్మారాలో అడుగున, కంటికి కనబడకుండా ఉంది.

జామ్ కుదిరింది. వేడి సీసాలు బల్ల మీద వరసగా పెడుతుంటే కిటికీలోంచి గాలి కొట్టి చీటీలు కదిలాయి. ఎగిరిపోతాయేమోనని ఎనిడ్ చేతిలో ఉన్న సీసాను వాటి మీద బరువుగా పెట్టింది. సీసా అడుగున జామ్ కారి ఉందని చూసుకోలేదు. గంట తరవాత చర్చి అంగడి నుంచి బుట్ట కోసం మనిషి వస్తే, ఆ సీసాతో సహా నాలుగూ సర్ది పంపేసింది. చీటీలు చేతిసంచిలో వేసుకుని, టోపీ పెట్టుకుని బడికి బయలుదేరింది.

కొత్త బడి భవనానికి శనివారం ప్రారంభోత్సవం. ఏడు గదుల తలుపుల మీద ఏడు చదువుల పేర్లు పాత మాటల్లో రాయించాలని హెడ్‌మిస్ట్రెస్ మిస్ ప్రౌజ్ ముచ్చట పడింది. గాలప్ నిచ్చెన మీద నుంచి చెయ్యి చాపి చీటీలు అందుకున్నాడు.

"అమ్మగారూ, ఆరే ఉన్నాయి."

"ఏడు ఉండాలే."

"నేను పెద్దగా చదువుకోలేదు గానీ ఆరు దాకా లెక్కపెట్టగలను. రాత, లెక్క, నేల కొలత, చుక్కలు, పాట, మందులు. ఇదిగో, ఈ చివరి తలుపుకి లేదు. కెమిస్ట్రీ గది."

ఎనిడ్ సంచి బోర్లించింది. తాళంచెవి, చిల్లర, దగ్గు బిళ్లలు రాలాయి. చీటీ రాలలేదు.

"కంగారు పడకండి. హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఫోనుంది. అయ్యగారి ఆఫీసుకి ఒక్కసారి చేస్తే ఆయనే చెప్తారు. లేదంటే మీరే చెప్పండి. ఇరవై ఆరేళ్ల నుంచీ వింటున్నారట కదా, పుస్తకంలో కూడా రాశారట. మా ఆవిడకి చెప్పారు అయ్యగారు."

ఎనిడ్ చెవులు వేడెక్కాయి. ఫోన్ చేసి ఏమని అడగాలి? 'ఎడ్విన్, నువ్వు ఇన్నేళ్లుగా నాకు చెప్పిన మాటల్లో కెమిస్ట్రీకి ఏ మాట?' అనా? ఆ ఒక్క ప్రశ్నతో మొదటి పుట చిరిగిపోతుంది. ఎడ్విన్ కోప్పడడు. అదే ఆమెకు భయం. 'అలాగా' అంటాడు. రేపటి నుంచి రొట్టె ముక్క నిశ్శబ్దంగా కొరుకుతాడు.

"రంగు ఆరిపోతోందమ్మా," అన్నాడు గాలప్.

ఎనిడ్ వేళ్లకు ఇంకా జామ్ వాసన వస్తోంది. కెమిస్ట్రీ గదిలో మాత్రం ఏం చేస్తారు? ఏవేవో కలుపుతారు, మరిగిస్తారు, గట్టిపడిందో లేదో చూస్తారు. ఆమె అమ్మమ్మ మరిగించడాన్ని 'సీద్' అనేది. మిగతా చీటీలన్నిటికీ చివర క్రాఫ్ట్ అనే తోక ఉంది.

"సీద్‌క్రాఫ్ట్," అంది. అంటే ఉడుకు నేర్పు. చెప్పాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

గాలప్ ఒకసారి నోట్లో తిప్పుకుని చూశాడు. "ఇది మిగతా వాటికంటే బాగుందమ్మా. దీనికి అర్థం ఉంది," అని కుంచె ముంచాడు.

ఇంటికి వచ్చి ఎనిడ్ బల్ల కిందా పొయ్యి వెనకా వెతికింది. చెత్తబుట్ట కాగితం మీద కుమ్మరించి మరీ చూసింది. ఏడో చీటీ లేదు. సాయంత్రం ఎడ్విన్ రాగానే నిజం చెప్పేద్దామని, చెప్పాల్సిన వాక్యం బంగాళాదుంపలు తొక్క తీస్తూ నాలుగుసార్లు వల్లె వేసింది.

ఎడ్విన్ వచ్చాడు. ప్యాంటు అంచుల సైకిల్ క్లిప్పులు తీసి, చేతులు కడుక్కుని, కుర్చీలో కూర్చున్నాడు.

"గాలప్‌కి ఇచ్చావా?"

"ఇచ్చాను. ఎడ్విన్, ఆ ఏడోది..."

"చూశాను. బడి దగ్గర దిగి చూసి వచ్చాను." ఎడ్విన్ ఉప్పు సీసాను అటు నుంచి ఇటు జరిపాడు. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. "బాగుంది. చాలా... పాతగా ఉంది."

"నీకు నచ్చిందా?"

"నచ్చకేం. దాని గురించి మనం ఇంక మాట్లాడుకోవద్దులే ఎనిడ్. సరేనా?"

"సరే," అంది ఎనిడ్. వల్లె వేసిన వాక్యం గొంతులోనే ఉండిపోయింది.

భోజనం కాగానే ఎడ్విన్ డబ్బాలు దించాడు. ఒక్కొక్క చీటీ తీసి చూడడం, తల అడ్డంగా ఊపడం, లోపల పెట్టడం. వంటింట్లో గిన్నెలు తుడుస్తున్న ఎనిడ్‌కు విషయం అర్థమైంది, అంటే అర్థమైందనుకుంది. తలుపు మీద ఉన్న మాట తనదే అనుకుంటున్నాడు పాపం. ఎక్కడ రాశాడో గుర్తుకు రావడం లేదు. ఎడ్విన్ తండ్రి అరవయ్యో ఏట మొదట ఇంటి దారి, తరవాత కొడుకు పేరు మరిచిపోయాడు. ఎడ్విన్‌కు ఇప్పుడు యాభై ఎనిమిది. తండ్రిలాగే తనకూ మతి పోతోందనుకుని, అది భార్యకు తెలియనీయకుండా డబ్బాలు తవ్వుకుంటున్నాడు. తన గొప్ప కాపాడుకోవడానికి తను ఆడిన అబద్ధం మొగుడి బుర్రలో పురుగై తొలుస్తోంది. ఎనిడ్ ఒకే పళ్లేన్ని మూడుసార్లు తుడిచింది.

మర్నాడు శుక్రవారం, పాతమాటల సంఘం వాళ్లు టీకి వచ్చే రోజు. సంఘానికి ఒకటే నియమం. కూర్చున్నంతసేపూ పాత ఇంగ్లీషు మాటలే వాడాలి. ఎవరి నోటి నుంచైనా లాటినో ఫ్రెంచో దొర్లిందా, ఆ వారం వాళ్లకు కేకు లేదు. అందుకని మొదటి అరగంట అందరూ చాలా తక్కువ మాట్లాడేవారు. కేకు తినడం పూర్తయ్యాక నాలుకలు విప్పేవారు. పాస్టరు స్పర్లింగ్ గారికి మాత్రం అంత ఓపిక ఉండేది కాదు. ఆయన పదకొండు వారాలుగా కేకు ఎరగడు.

"హిబర్డ్ గారూ, మీ ఏడో తలుపు చూశాను," అన్నాడు పాస్టరు, కూర్చుంటూనే. "ఉడుకు నేర్పు. నలభై ఏళ్లుగా ఈ మాటల వెంట తిరుగుతున్నాను, నా కంట పడలేదే. ఏ పొత్తంలో దొరికింది?"

ఎనిడ్ చేతిలో టీ కెటిల్ ఉంది. ఎడ్విన్ కప్పులోకి చూస్తున్నాడు.

"పొత్తంలో కాదు," అన్నాడు చివరికి. "అది చెప్పిన నోటిని నేను ఇరవై ఆరేళ్లుగా నమ్ముతున్నాను. అంతకు మించి అడగకండి."

"నోటి మాటా? రాతలో లేదా?"

"నా మీద నమ్మకం ఉంచండి స్పర్లింగ్ గారూ."

ఆఫీసు పెన్సిలు పొరపాటున ఇంటికి తెస్తే మర్నాడు తిరిగి తీసుకెళ్లి పెట్టిన మనిషి అతను. అటువంటివాడు నలుగురి ముందు ఇలా గాలిలో మాట విసరడం ఎనిడ్ ఎప్పుడూ చూడలేదు. మతిమరుపు మొదలైతే మనుషులు ఊహించి చెప్పడం మొదలుపెడతారని ఎడ్విన్ తల్లి అప్పట్లో అన్న మాట గుర్తొచ్చింది. టీ పాస్టరు గారి సాసర్లోకి పోసింది.

పాస్టరు తడి సాసరును పట్టించుకోలేదు. తను ఎరగని మాట ఇంకొకరు ఎరిగి ఉండడం ఆయనకు పంటి నొప్పి లాంటిది. కాసేపు పైకప్పు కేసి చూసి, "ఆగండి, ఆగండి. ఇప్పుడు గుర్తొస్తోంది," అన్నాడు. "మా గుడి మెట్ల కింద ఓక్ చెక్క పెట్టె ఉంది చూశారూ, అందులో పాత చేతిరాత తోలు ఆకు ఒకటి ఉంది. అందులో చూశాను. అవునవును, ఉడుకు నేర్పే. ఎడమ పక్కన, మూడో వరస."

సంఘం సభ్యులు ఊపిరి బిగబట్టారు. అందరికంటే ఎక్కువగా బిగబట్టింది ఎడ్విన్. అతను పాస్టరు కేసి దెయ్యాన్ని చూసినట్టు చూశాడు.

"నిజంగా ఉందా?" అన్నాడు.

"ఉండడమేమిటి, రేపే చూపిస్తాను. అసలు పొద్దున్నే మిస్ ఓల్డేకర్‌కి టెలిఫోను చేశాను."

టెలిఫోను అన్న మాట గ్రీకు. పన్నెండో వారం కూడా కేకు పోయింది. కానీ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మిస్ ఓల్డేకర్ విశ్వవిద్యాలయంలో పెద్ద నిఘంటువు కూర్చేవాళ్లలో ఒకరు. అచ్చుశాలలో ఎడ్విన్ పుస్తకం ఆరు నెలలుగా ఆమె బల్ల మీదే ఉంది. రేపు ప్రారంభోత్సవానికి అతిథిగా రాబోతోంది.

"వెయ్యేళ్ల నాటి కెమిస్ట్రీ మాట అనగానే ఆవిడ రెండు నిమిషాలు మాట్లాడలేదు," అన్నాడు పాస్టరు. "హిబర్డ్ గారి పుస్తకం సంగతి రేపు ఆ మాట చూశాకే తేలుస్తానంది. అది నిలబడితే పుస్తకం నిలబడినట్టే అంది."

నిలబడకపోతే ఏమవుతుందో ఆవిడ అన్నదీ లేనిదీ పాస్టరు చెప్పలేదు. ఎడ్విన్ అడగలేదు. ఎనిడ్ కేకు కోయడం మరిచిపోయింది.

శనివారం నాటికి ఉడుకు నేర్పు ఊరంతా ఉడికింది. రొట్టెల దుకాణంవాడు తీపి బన్నుల మీద తెల్ల చక్కెరతో ఆ మాట రాసి కిటికీలో పెట్టాడు. స్థానిక పత్రిక మొదటి పుటలో ఏడో తలుపు ఫోటో, పక్కన కుంచె పట్టుకుని గాలప్. బడిలో ఆడపిల్లలు తాడాట ఆడుతూ ఆ మాటకు గెంతు కలిపి పాడుతున్నారు. ప్రారంభోత్సవం చేసిన లేడీ ఉర్సులా తన ఉపన్యాసంలో, "వెయ్యేళ్ల కిందట మన ముత్తవ్వలకు కెమిస్ట్రీ తెలుసు. ఇది మనమందరం తలెత్తుకోవలసిన విషయం," అని చెప్పి కత్తెరతో రిబ్బను కత్తిరించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎనిడ్ తలెత్తలేదు. టోపీ అంచు ఇంకా కాస్త కిందికి లాక్కుంది.

టీకి అందరినీ ఏడో తలుపు ముందున్న నడవలోకి పిలిచారు. మిస్ ఓల్డేకర్ సన్నగా, పొడుగ్గా, మెడలో దారానికి కళ్లద్దాలు వేలాడేసుకుని ఉంది. ఆవిడ మిగతా ఆరు తలుపులూ ఒక్కొక్కటీ చదివి, "సరిగ్గా ఉన్నాయి," అంటూ వచ్చి ఏడోదాని ముందు ఆగింది.

"హిబర్డ్ గారూ, మీ పుస్తకంలో కెమిస్ట్రీ దగ్గర 'పాత మాట లేదు' అని రాశారు. తలుపు మీద ఉంది. రెండూ నిజం కావడం కుదరదు కదా?"

ఎడ్విన్ టై ముడి సర్దుకున్నాడు. ముందే కుదురుగా ఉన్న ముడి ఒక పక్కకు పోయింది.

అతని ముఖం చూశాక ఎనిడ్ ఇంక ఆగలేకపోయింది. పుస్తకంలో తను రాసిందే తనకు గుర్తు లేదనుకుంటున్నాడు. ఇందరి ముందు.

"అది నా మాట," అంది. నడవలో కప్పుల చప్పుడు ఆగింది. "ఆయనది కాదు. ఆయనకేమీ మతిమరుపు లేదు. ఆయన ఇచ్చిన చీటీ నేను పారేసుకున్నాను. ఏం రాసి ఉందో నాకు తెలియలేదు. ఆయన్ని అడగడానికి సిగ్గేసి ఉన్నపళాన పుట్టించి చెప్పాను. ఆ రోజు జామ్ చేస్తున్నాను, అందుకని ఆ మాట తట్టింది. ఇంకో సంగతి. ఆ పుస్తకం మొదటి పుట కూడా అబద్ధమే. ఇరవై ఆరేళ్లలో ఆయన చెప్పిన మాట ఒక్కటి కూడా నేను సరిగా వినలేదు. ఆ పుట తీసేయండి, పుస్తకం మాత్రం తీసేయకండి."

మాట పూర్తయ్యాక కూర్చోవడానికి కుర్చీ కోసం చూసింది. అన్నిటిలో ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారు.

"అదేంటి ఎనిడ్," అన్నాడు ఎడ్విన్. "చీటీ మీద రాశాను కదా?"

"ఏం రాశావు?"

"పైది ముందు చూడమన్నాను కదా?"

"ఏది పైది?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ సమయంలో టీ బల్ల దగ్గర పాస్టరు భార్య మిసెస్ స్పర్లింగ్ లేడీ ఉర్సులా రొట్టె ముక్క మీదికి ప్లమ్ జామ్ గీకి గీకి తీస్తోంది. గురువారం చర్చి అంగడిలో కొన్న సీసా అది. పాస్టరుగారు రెండు పూటల్లోనే సగానికి పైగా తినేస్తే, మిగిలింది టీకి తెచ్చింది.

"ఏవండీ, ఈ సీసా అడుగున ఏదో రాత కనిపిస్తోంది," అంది ఆవిడ. సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తింది. గాజు కింద అంటుకుని, జామ్ ఖాళీ అయిన మేరకు బయటపడిన చీటీ ఒకటి ఉంది. ఆవిడకు పైకి చదివే అలవాటు. ఇంట్లో పాస్టరు గారి కంటిచూపు మందగించినప్పటి నుంచీ ఉత్తరాలన్నీ ఆవిడే చదువుతుంది. ఆపడానికి ఎడ్విన్ చెయ్యి ఎత్తాడు గానీ ఆలస్యమైంది.

"'ఎనిడ్, కెమిస్ట్రీకి పాత మాట లేదు. మిస్ ప్రౌజ్‌కి ఏడూ ఇస్తానని నోరు జారాను. ఇప్పుడు లేదని చెప్పడానికి సిగ్గుగా ఉంది. నువ్వు ఇన్నేళ్లుగా వింటున్నదానివి, ఏదో ఒకటి తోచకపోదు. గాలప్‌కి చెప్పేయ్. ఎవరైనా అడిగితే నాదే అంటాను. ఈ సంగతి మనం మళ్లీ ఎత్తుకోవద్దు. ఇట్లు, ఎ.'" మిసెస్ స్పర్లింగ్ సీసా దించింది. "ఎ అంటే ఎవరో?"

ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఎడ్విన్ చెవులు తెలియజేస్తున్నాయి.

"మరి ఆ రోజు డబ్బాలన్నీ ఎందుకు వెతికావు?" అంది ఎనిడ్ చిన్నగా.

"నీ మాటకి ఎక్కడైనా చుట్టం దొరుకుతుందేమోనని. దొరకలేదు. నీచేత దొంగ పని చేయించానని ఆ రోజు నుంచీ నీ ముఖం చూడలేకపోతున్నాను."

"నేను నీకు మతి పోతోందనుకున్నాను."

"నాకా?" అన్నాడు ఎడ్విన్, కాస్త నొచ్చుకుని.

మిస్ ఓల్డేకర్ కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. భార్యాభర్తలిద్దరినీ వదిలేసి పాస్టరు వైపు తిరిగింది. "అయితే స్పర్లింగ్ గారూ, మీరు గుడి పెట్టెలో చూసింది ఏమిటి? ఎడమ పక్కన, మూడో వరస అన్నారు."

"అది... తేమకి ఆకు పాడైపోయి... అక్షరాలు ఒకదానిలోకి ఒకటి..."

"ఏ పెట్టె? మెట్ల కింది పెట్టేనా?" అంది మిసెస్ స్పర్లింగ్. "అందులో క్రిస్మస్ నాటకానికి కుట్టిన గొర్రె చెవులు తప్ప ఏమీ లేవు కదండీ. కిందటి వారమే ఎండలో వేశాను."

పాస్టరు తన టోపీ ఎక్కడ పెట్టానా అని చాలా శ్రద్ధగా వెతకడం మొదలుపెట్టాడు. అది ఆయన తల మీదే ఉంది.

మిస్ ఓల్డేకర్ చేతిసంచిలోంచి ఒక ఖాళీ చీటీ, పెన్సిలు తీసింది. నిఘంటువు వాళ్ల చీటీలు కూడా అచ్చం ఎడ్విన్ చీటీల కొలతే. దాని మీద ఏదో రాస్తూ, తల ఎత్తకుండా, "మిసెస్ హిబర్డ్, ఆ మాట మీరు మొదటిసారి అన్నది ఏ తేదీన?" అని అడిగింది.

"గురువారం. పన్నెండో తారీకు. కానీ అది అబద్ధపు మాట కదండీ."

"పాత మాట అనడం అబద్ధం. మాట మాత్రం మాటే. ఊరంతా అంటోంది, పత్రికలో పడింది, బన్నుల మీద కూడా చూశాను. మాటను ఎవరు మొదట అన్నారో, ఏ రోజున అన్నారో తెలియక మేము ఏళ్ల తరబడి తలలు పట్టుకుంటాం. అన్న మనిషి ఎదురుగా నిలబడి ఒప్పుకోవడం నాకు ఉద్యోగంలో ఇదే మొదలు. నిఘంటువులోకి ఎక్కుతుందని చెప్పను. చీటీ మాత్రం పెట్టెలో ఉంటుంది." ఎడ్విన్ కేసి చూసింది. "మీ మీద నాకున్నది ఒకటే అనుమానం హిబర్డ్ గారూ. లేని మాటను లేదని రాసేపాటి ధైర్యం మీకుందా అని. పుస్తకంలో రాశారు. తలుపు మీద తప్పారు. నేను అచ్చు వేయించేది పుస్తకాన్ని, తలుపుల్ని కాదు."

దారిలో ఇద్దరూ సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు. చర్చి మలుపు తిరిగారు.

"మొదటి పుట తీసేస్తావా?" అంది ఎనిడ్.

"ఎందుకు?"

"నేను వినలేదని చెప్పాను కదా. అందరి ముందూ చెప్పాను."

"ఆ సంగతి నాకు పెళ్లయిన రెండో వారం నుంచే తెలుసు," అన్నాడు ఎడ్విన్. "నువ్వు మార్మలేడ్ సీసాకి తల ఊపుతావు. అయినా రోజూ ఊపావు. ఇరవై ఆరేళ్లు ఎవరు ఊపుతారు?"

ఎనిడ్‌కు మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి రుమాలు తనదే తీసుకుంది.

సోమవారం ఉదయం ఎడ్విన్ రొట్టె కొరుకుతూ మొదటి డబ్బాలో మొదటి చీటీ తీశాడు. ఎనిడ్ మార్మలేడ్ సీసా మూత పెట్టి, పక్కకు జరిపి, విన్నది. ఆ మాట ఆమెకు పెద్దగా నచ్చలేదు. ఆ సంగతి చెప్పింది కూడా. ఎడ్విన్ ఆనందం చూసి తీరాలి. బడి ఏడో తలుపు మీద మాటను మిస్ ప్రౌజ్ చెరపనివ్వలేదు. పిల్లలు మిగతా ఆరు గదులనూ గది నంబర్లతో పిలుస్తారు, ఆ ఒక్కదాన్నే పేరుతో పిలుస్తారని ఆమె వాదన.

మూడు వారాలకు మిస్ ఓల్డేకర్ నుంచి ఉత్తరం వచ్చింది. పుస్తకం అచ్చుకు తీసుకున్నామని, ఎడ్విన్ పంపిన డబ్బాల్లో పదమూడు సరిచూడడం పూర్తయిందని, ఒకే ఒక్క సందేహం మిగిలిందని రాసింది. పదమూడో డబ్బాలో, మందుల నేర్పు కింద, 'అర పౌను వెన్న, నల్లదారం, దగ్గు బిళ్లలు' అని ఒక చీటీ ఉంది. ఇది ఏ కాలానిదో, ఏ ఆధారంలోదో దయచేసి తెలుపగలరు అని అడిగింది.

ఎడ్విన్ చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. ఎనిడ్ ఆ ఉత్తరం అతని చేతిలోంచి తీసుకుని, అడుగున తనే జవాబు రాసి ఆ పూటే టపాలో వేసింది.

'1943. వెన్న దొరకలేదు.'